పోటు తగ్గింది, మరి జబ్బు?

గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద పొడిచేసిన పోటు నాలుగైదు రోజులకు తగ్గుముఖం పట్టింది. దగ్గాలంటేనే భయపడ్డ మనిషి ఇప్పుడు దగ్గగలుగుతున్నాడు, రాత్రి కాస్త కునుకు తీస్తున్నాడు. మందుల షాపులో ఇచ్చిన మాత్రలు బాగా పట్టాయని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. ప్లూరసీలో జాగ్రత్తపడాల్సింది సరిగ్గా ఇక్కడే. నొప్పి తగ్గడానికి కారణం వాపు నిజంగా చల్లారడం కావచ్చు. ఒకదానితో ఒకటి ఒరుసుకుంటున్న రెండు పొరల మధ్య నీరు చేరి వాటిని విడదీయడం కూడా కావచ్చు. మొదటిదైతే మనిషి కోలుకుంటున్నాడు. రెండోదైతే జబ్బు ముదురుతోంది. నొప్పిని బట్టి ఈ రెండింటికీ తేడా కనిపెట్టడం రోగి తరం కాదు, ఇంట్లోవాళ్ల తరమూ కాదు. ఒక ఎక్స్‌రేతో, లేదా మంచం పక్కనే చేసే అల్ట్రాసౌండ్‌తో నిమిషాల్లో తేలిపోతుంది.

ఊపిరితిత్తిని ఒక పల్చటి పొర అంటిపెట్టుకుని ఉంటుంది. ఛాతీ గోడకు లోపలి వైపున, ఛాతీకీ కడుపుకీ మధ్య అడ్డుగా ఉండే డయాఫ్రం అనే కండరం మీద మరో పొర పరుచుకుని ఉంటుంది. ఊపిరితిత్తి మూలం దగ్గర ఇవి రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఈ జంటపొరే ప్లూరా. మధ్యలో ఉండే ఖాళీ పేరుకే ఖాళీ. అరవై కిలోల ఆరోగ్యవంతుడిలో రెండు వైపులా కలిపి అక్కడుండే ద్రవం సుమారు మూడు టీచెంచాలు. ఛాతీ గోడ వైపు పొర నుంచి అది నిరంతరం ఊరుతూ ఉంటుంది, అదే పొరలోని లింఫు నాళాలు ఎప్పటికప్పుడు లాగేస్తూ ఉంటాయి. రోజుకు ఇరవై వేలసార్లు ఊపిరి తీసి వదిలినా మనకు ఏమీ తెలియకుండా పొరలు జారిపోయేది ఆ మూడు చెంచాల తడి వల్లే.

ప్లూరసీ అంటే ఈ పొరలకు వాపు రావడం. ఊపిరితిత్తికి అతుక్కున్న పొరకు నొప్పి తెలియదు. ఊపిరితిత్తి లోపల పెద్ద పుండు పడ్డా మనిషికి తెలియకపోవడానికి కారణం ఇదే. నొప్పి తెలిసేదంతా ఛాతీ గోడ వైపు పొరకే. పక్కటెముకల మధ్య నడిచే నరాలు దానికి స్పర్శనిస్తాయి కాబట్టి రోగి వేలు పెట్టి ‘ఇదిగో, ఇక్కడే’ అని చోటు చూపించగలడు. గుండెనొప్పి వచ్చినవారు సాధారణంగా అలా వేలు పెట్టి చూపించలేరు, అరచేత్తో ఛాతీ మధ్యన అదుముకుంటారు. డయాఫ్రం మధ్యభాగం సంగతి వేరు. దాని నరం మెడలోంచి దిగుతుంది. అందుకే ఊపిరితిత్తి అడుగున వాపు వస్తే నొప్పి భుజం మీద పలుకుతుంది. భుజానికి బామ్ రాసుకుంటూ వారాలు గడిపినవారిలో కొందరికి అసలు తంటా డయాఫ్రం మీద ఉంటుంది. కుడివైపు కాలేయంలో చీముగడ్డ పెరిగి డయాఫ్రాన్ని ఒత్తినా కుడి భుజం ఇలాగే లాగుతుంది.

‘ఊపిరి తీత్తే పొడిసేత్తంది బాబూ’ అని శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దావిడ చెబితే, విశాఖలో అనుభవమున్న ఏ వైద్యుడైనా మొదట స్టెతస్కోపు ఆమె పక్కలో ఆనిస్తాడు. వాచి గరుకెక్కిన పొరలు రాసుకుంటుంటే కొత్త తోలు చెప్పులు తొడుక్కుని నడిచినట్టు కిర్రుకిర్రుమని వినిపిస్తుంది. ఊపిరి బిగబడితే ఆ చప్పుడు ఆగిపోతుంది. గుండె పొర రాసుకునే చప్పుడైతే ఊపిరి బిగబట్టినా ఆగదు. రెండు మూడు రోజులు పోయాక అదే చోట చప్పుడే లేకపోతే, వేళ్లతో తట్టినప్పుడు బరువుగా మొద్దుగా పలికితే, నీరు చేరిందని అనుమానించాలి. నిలబడి తీసిన మామూలు ఎక్స్‌రేలో కనిపించాలంటే దాదాపు 200 మిల్లీలీటర్ల నీరు ఉండాలి. అల్ట్రాసౌండ్ అంతకంటే చాలా తక్కువ నీటినీ పట్టేస్తుంది. అందువల్ల మొదటిరోజు తీసిన ఎక్స్‌రే బాగుందన్న భరోసాతో రెండు వారాల తర్వాత వచ్చిన ఆయాసాన్ని కొట్టిపారేయకూడదు.

ప్లూరసీ అన్నది జబ్బు పేరు కన్నా జబ్బు బయటపడ్డ తీరు. దాని వెనక వైరస్ ఉండొచ్చు, న్యుమోనియా ఉండొచ్చు, క్షయ ఉండొచ్చు, ఊపిరితిత్తి రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డ ఉండొచ్చు, లూపస్, కీళ్లవాతం, మూత్రపిండాల వైఫల్యం, క్యాన్సర్ ఏదైనా ఉండొచ్చు. వైరస్ వల్ల వచ్చింది కొద్ది రోజుల్లోనో రెండు మూడు వారాల్లోనో దానంతటదే పోతుంది. నొప్పికి మందు, విశ్రాంతి చాలు. దాని గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది లేదు.

క్షయ వల్ల వచ్చేదాని కథ అలా కాదు. మందులేమీ వాడకపోయినా చాలామందిలో ఆ నీరు రెండు నుంచి నాలుగు నెలల్లో దానంతటదే ఇంకిపోతుంది. జ్వరం పోతుంది, నొప్పి పోతుంది, మనిషి పనిలోకి వెళ్తాడు. ఈ మాయ ఎంత ప్రమాదకరమో 1955లో రోపర్, వేరింగ్ అనే అమెరికన్ వైద్యులు లెక్కతో సహా చూపించారు. క్షయకు మందులు రాకముందు, 1940ల మొదట్లో, ఊపిరితిత్తుల పొరలో నీరు చేరి తగ్గిపోయిన 141 మంది సైనికుల జీవితాలను వారు ఏళ్ల తరబడి గమనించారు. వారిలో 65 శాతం మందికి తర్వాత పూర్తిస్థాయి క్షయ వచ్చింది. ఎక్కువమందికి ఐదేళ్లలోపే వచ్చింది. అంటే తగ్గిపోయిందనుకున్న ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అసలు జబ్బు లోపల అలాగే ఉంది. ప్లూరసీ మీద నాకు తెలిసిన లెక్కలన్నింటిలో ప్రతి ఇంటికీ చేరాల్సింది ఇదేననిపిస్తుంది. ‘నీరు దానంతటదే పోయింది’ అని ఎవరైనా అంటే ఆ మాటకు సంతోషపడే ముందు, ఆ నీరు ఎందుకు వచ్చిందో తేలిందా అని అడగాలి.

ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. విశాఖలో ఆ జబ్బుకు అనువైన పరిస్థితులు అదనంగా ఉన్నాయి. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం, మాంగనీసు దిగుతాయి, ఎక్కుతాయి. ఉక్కు కర్మాగారం చుట్టూ గాజువాక, అగనంపూడి, పెదగంట్యాడ వైపు ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండే కాంట్రాక్టు కార్మికులు వేలల్లో ఉన్నారు. ఒకరోజు పనికి రాకపోతే వారికి ఆరోజు కూలి లేదు. ఇసుక, రాతిపొడి, కొలిమి ఇటుకల ధూళి పీల్చేవారికి సిలికోసిస్ వస్తే క్షయ ముప్పు రెట్టింపు కంటే ఎక్కువవుతుంది. చేపలరేవు నుంచి మరపడవల మీద వెళ్లేవారు రోజుల తరబడి ఒకే చిన్న గదిలో తినడం, పడుకోవడం. సముద్రం మీద పక్కలో పోటు మొదలైతే నొప్పి మాత్రే గతి. ఒడ్డుకు చేరేసరికి నొప్పి పోయి ఆయాసం మిగులుతుంది. ఇలాంటివారు నీరసంగా, సాయంత్రాలు జ్వరంతో, బరువు తగ్గి ఆసుపత్రికి వస్తారు. వయసు చూస్తే పాతికో ముప్పయ్యో.

విశాఖలో ఇలాంటి రోగికి దిక్కు లేకపోలేదు. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా కింగ్ జార్జి ఆసుపత్రి, వాల్తేరులో ఛాతీ, అంటువ్యాధుల ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచే కాక ఒడిశా సరిహద్దు నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. ఛాతీ ఆసుపత్రి మెట్లెక్కితే ఊళ్లో టీబీ అని పేరు పడుతుందని వెనకాడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ భయం వల్ల పోయే రెండు నెలల్లో పొరలు మందమెక్కి ఊపిరితిత్తిని బిగించేస్తాయి. పొరలో మాత్రమే ఉన్న క్షయ సాధారణంగా ఇతరులకు అంటదు. అయితే కొందరికి ఎక్స్‌రేలో కనిపించకపోయినా ఊపిరితిత్తిలోనూ జబ్బు ఉంటుంది కాబట్టి కళ్లె పరీక్ష తప్పనిసరిగా చేయించాలి.

ఇక నీరు తీయడం. ఈ మాట వినగానే చాలా కుటుంబాలు బెదిరిపోతాయి. వెన్నులోంచి నీరు తీస్తారని కొందరు అనుకుంటారు, తీస్తే మళ్లీ మళ్లీ ఊరుతుందని మరికొందరు. జరిగేది చూద్దాం. రోగిని మంచం అంచున కూర్చోబెట్టి, ముందు బల్ల మీద దిండు వేసి, దాని మీద చేతులు మడిచి తల ఆనించమంటారు. అలా వంగితే వీపు వైపు పక్కటెముకల మధ్య సందు విచ్చుకుంటుంది. అల్ట్రాసౌండ్‌తో నీరు ఎక్కడ లోతుగా ఉందో చూసి పెన్నుతో గుర్తు పెడతారు. చర్మం శుభ్రం చేసి, సన్నటి సూదితో మత్తుమందు ఇస్తారు. రెండు నిమిషాలు ఆగి అసలు సూదిని కింది పక్కటెముక పైఅంచును ఆనుకుని లోపలికి పోనిస్తారు. పైఅంచే ఎందుకంటే, ప్రతి పక్కటెముక అడుగు అంచు వెంబడి ఒక రక్తనాళం, ఒక నరం నడుస్తుంటాయి, వాటిని తప్పించాలి. వెన్నుపాముకు దీనితో ఏ సంబంధమూ లేదు. సిరంజిలోకి లేత పసుపు ద్రవం వస్తుంది. పరీక్ష కోసమైతే యాభై మిల్లీలీటర్లు చాలు. ఆయాసం తీర్చడానికైతే ఎక్కువ తీస్తారు, అయినా ఒక్కసారిగా లీటరున్నర దాటరు. నలిగి ఉన్న ఊపిరితిత్తి హఠాత్తుగా విచ్చుకుంటే దాంట్లోకే నీరు ఊరే ప్రమాదం ఉంది. నీరు తీస్తుండగా దగ్గు తెర వస్తుంది, ఛాతీ కాస్త పట్టేస్తుంది. ఊపిరితిత్తి విచ్చుకుంటోందనడానికి అవి గుర్తులే. రోగి మాత్రం వెంటనే చెప్పాలి, ఓర్చుకుని కూర్చోకూడదు.

ఒక్కోసారి నీరు తీశాక మాయమైన పోటు మళ్లీ కనిపిస్తుంది. విడిపోయిన పొరలు మళ్లీ కలుసుకున్నాయి కాబట్టి అలా జరుగుతుంది. ఇది ముందే చెప్పకపోతే నీరు తీయడం వల్లే నొప్పి వచ్చిందని ఇంట్లోవాళ్లు డాక్టరును నిందిస్తారు. పోటు ఉన్నపళంగా పెరిగినా, ఆయాసం తోడైనా మాత్రం పొరల మధ్యకు గాలి దూరిందేమోనని వెంటనే చూడాల్సిందే.

తీసిన నీరు చెప్పే విషయాలు చాలా ఉన్నాయి. దానిలోని ప్రోటీను రక్తంలోని ప్రోటీనులో సగానికి మించినా, ఎల్‌డీహెచ్ అనే ఎంజైము రక్తంలోదానిలో అరవై శాతం దాటినా ఆ నీరు వాచిన పొర నుంచి ఊరిందని అర్థం. గుండె, మూత్రపిండాలు, కాలేయం నీరసించి వచ్చిన నీరైతే సాధారణంగా ఆ హద్దులు దాటదు. 1972లో రిచర్డ్ లైట్ అనే అమెరికన్ వైద్యుడు తన సహచరులతో కలిసి తేల్చిన ఈ కొలతలను యాభై ఏళ్లు దాటినా ప్రపంచమంతా వాడుతోంది. నీటిలో లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు ఎక్కువగా ఉండి, ఏడీఏ అనే ఎంజైము 40 యూనిట్లు దాటితే మన దేశంలో క్షయ వైపే మొగ్గు చూపాలి. నీటిలో క్షయ క్రిమి నేరుగా కనిపించడం అరుదు. ఎందుకంటే ఆ నీరు ఊరేది క్రిములు విపరీతంగా పెరిగినందువల్ల కాదు, పొరలోకి జారిన కొద్దిపాటి క్రిముల మీద శరీరం చేసే తీవ్రమైన ఎదురుదాడి వల్ల. అందుకే క్రిమి దొరకలేదన్న ఒక్క రిపోర్టు పట్టుకుని క్షయ లేదని తేల్చేయడం తప్పు. చీము చేరినా, లింఫోమా ఉన్నా, కీళ్లవాతం ఉన్నా ఏడీఏ పెరుగుతుంది కనుక ఆ ఒక్క అంకెతో క్షయ అని తీర్మానించడమూ అంతే తప్పు. సందేహం తీరకపోతే పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

క్షయ అని తేలితే మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ మినహా మిగిలిన మూడూ. బరువును బట్టి రోజుకు ఇన్ని మాత్రలని ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకున్నా ఆ ఉచిత మందులు తీసుకోవచ్చు. పోషకాహారం కోసం నెలకు రూ.500 చొప్పున 2018లో మొదలైన సాయం 2024 నవంబరు నుంచి రూ.1,000 అయింది. షుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేస్తారు. రోగి పేరు క్షయ రోగుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు ‘నిక్షయ్‌’లో ఉంటుంది కాబట్టి పని కోసం వేరే ఊరు వెళ్లినా అక్కడే మందులు కొనసాగించే వీలుంది. పడవ మీద వెళ్లేవారు ముందే చెబితే ఎన్ని రోజులకు ఎన్ని మాత్రలు కావాలో లెక్కగట్టి తీసుకెళ్లొచ్చు. మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తే కంగారు పడనక్కర్లేదు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, ఎరుపు ఆకుపచ్చ రంగులు తేడా తెలియకపోయినా మందు ఆపి అదేరోజు డాక్టరుకు చూపించాలి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలకు రిఫాంపిసిన్ వాటి బలం తగ్గిస్తుందని ఎవరో ఒకరు చెప్పి తీరాలి. చాలాచోట్ల ఎవరూ చెప్పడం లేదు.

ఈ నాలుగు మందుల్లో రెండింటికి అమెరికాలోని లెడర్లీ పరిశోధనాశాలతో బంధం ఉంది. పైరజినమైడ్ క్షయ మీద పనిచేస్తుందని 1952లో ప్రకటించినవారిలో ఆ సంస్థ శాస్త్రవేత్తలు ఉన్నారు. ఇథాంబ్యుటాల్‌ను 1961లో వారే వెలికితీశారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో చేరి, పరిశోధన విభాగాన్ని నడిపించి, 1948లో కన్నుమూసేదాకా పనిచేసిన చోటు అదే. ఆయన పోయాక వచ్చిన మందులకు ఘనత ఆయనకు అంటగట్టడం సబబు కాదు. అయితే సూక్ష్మజీవుల మీద మందుల వేటకు ఆ సంస్థను సిద్ధం చేసినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడని గుర్తు చేసుకోవడం న్యాయం.

మందులు రాకముందు ఈ పొరల మధ్యకు డాక్టర్లే కావాలని గాలి ఎక్కించేవారు. జబ్బుపడ్డ ఊపిరితిత్తిని నలిపి విశ్రాంతినిస్తే పుండు మానుతుందని ఆశ. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం వంటి శానిటోరియంలు నెలల తరబడి రోగులను పడకమీద ఉంచిన కాలమది. మద్రాసులో 1956లో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం, ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత గుణం కనిపిస్తుందని 1959లో నిరూపించాక ఆ యుగం ముగిసింది. మురికివాడలో ఇరుకింట్లో ఉన్న పేదవాడూ నయం చేసుకోగలడని ప్రపంచానికి చూపింది మన పక్క రాష్ట్రంలోని ఆ నగరమే.

నొప్పి సంగతికి వద్దాం. నొప్పి తగ్గించడం చిన్న విషయం కాదు, దానికోసం కారణం తేలేదాకా ఆగనక్కర్లేదు. పోటుకు భయపడి మనిషి పైపైనే ఊపిరి తీస్తే ఊపిరితిత్తి అడుగుభాగం విచ్చుకోదు, కళ్లె పేరుకుంటుంది, ప్లూరసీ మీద న్యుమోనియా వచ్చి పడుతుంది. కాబట్టి నొప్పికి మందు వైద్యంలో భాగమే. పారాసెటమాల్ కొందరికి సరిపోతుంది. వాపు నొప్పికి ఇబుప్రోఫెన్, నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్ వంటివి ఇంకా బాగా పనిచేస్తాయి. వాచిన చోట తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు నరాల కొసలను రెచ్చగొడతాయి. ఈ మందులు ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ జాతి మందులు ఇలా పనిచేస్తాయని 1971లో జాన్ వేన్ కనిపెట్టారు, 1982లో నోబెల్ అందుకున్నారు.

అవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరను కాపాడతాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాల రక్తనాళాలు ముడుచుకుపోకుండా తెరిచి ఉంచేవీ అవే. ఉత్తరాంధ్రలో ఉన్నవారు ఈ వాక్యం దగ్గర ఆగాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల ఉద్దానంలో ఎంతోమందిని పట్టిపీడిస్తున్న మూత్రపిండాల జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అక్కడినుంచి విశాఖ వచ్చి ఉక్కు కర్మాగారంలో, రేవులో, కట్టడాల దగ్గర ఎండలో చెమటోడ్చే మనిషికి పక్కనొప్పి వస్తే, పరీక్ష లేకుండా ఇదే జాతికి చెందిన డైక్లోఫినాక్ సూది మీద సూది పొడవడం నేరంతో సమానం. ముందు రక్తంలో, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. అది పెరిగి ఉంటే పారాసెటమాల్‌తో సరిపెట్టి, అవసరమైతే డాక్టరు పర్యవేక్షణలో వేరే మందు ఇవ్వాలి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో రక్తంలో పేరుకున్న మలినాలే ప్లూరా పొరను వాపెక్కించవచ్చు. దానికి చికిత్స సరైన డయాలిసిస్, నొప్పి మాత్ర కాదు.

వానాకాలంలో మరో జాగ్రత్త. డెంగీలో రక్తనాళాల నుంచి నీరు కారి ఊపిరితిత్తుల పొరలో చేరుతుంది. ముఖ్యంగా జ్వరం దిగుతున్న రోజుల్లో ఇది జరుగుతుంది. ఆ సమయంలో ఇబుప్రోఫెన్, డైక్లోఫినాక్, ఆస్పిరిన్ వాడితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ ఒక్కటే. వీధి చివర క్లినిక్‌లో నొప్పి సూదితో పాటు స్టెరాయిడ్ కలిపి పొడిచే అలవాటు మరీ చెడ్డది. జ్వరం, నొప్పి రెండూ రెండు రోజులు అణిగిపోతాయి, జబ్బు జాడ దొరకదు. క్షయ ప్లూరసీలో కూడా స్టెరాయిడ్ నీటిని త్వరగా ఇంకేలా చేస్తుంది గానీ మనిషికి చివరికి ఒరిగే మేలు పెద్దగా లేదు. అందుకే అందరికీ ఇవ్వొద్దని మన దేశ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మందు కాకుండా చేయగలిగేవి కూడా ఉన్నాయి. నొప్పి ఉన్న వైపే ఒత్తిగిలి పడుకుంటే ఆ వైపు ఛాతీ కదలిక తగ్గి ఉపశమనం కలుగుతుంది. దగ్గేటప్పుడు దిండును పక్కకు గట్టిగా అదుముకోవాలి. మాత్ర వేసుకున్న ముప్పావుగంటకు, నొప్పి తగ్గి ఉన్నప్పుడు, నిదానంగా లోతుగా పదిసార్లు ఊపిరి తీయాలి. మూడు బంతులు పైకి లేపే ప్లాస్టిక్ పరికరం ఇస్తే దానితో చేయడం మరీ మంచిది. గుడ్డతో ఛాతీ చుట్టూ బిగించి కట్టడం పాత పద్ధతి, హాయిగా అనిపించినా ఊపిరిని కుదించేస్తుంది, వద్దు. సిగరెట్టు, బీడీ, చుట్ట మానాలి. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగకూ ఇదే మాట. ఇవేవీ లొంగదీయలేని నొప్పికి పక్కటెముకల నరం దగ్గర మత్తుసూది ఇస్తారు.

న్యుమోనియా వెంట వచ్చే ప్లూరసీలో అసలు భయం చీము. యాంటీబయాటిక్ మొదలుపెట్టి మూడు రోజులైనా జ్వరం వదలకపోతే పొరలో చీము పట్టిందేమో చూడాలి. తీసిన నీరు చిక్కగా ఉన్నా, దానిలో ఆమ్లగుణం పెరిగి పీహెచ్ 7.2 కంటే దిగినా, ఆలస్యం లేకుండా గొట్టం వేయాలి. గొట్టం రెండో కొసను సీసాలోని నీళ్లలో రెండు సెంటీమీటర్ల లోతున ముంచి ఉంచుతారు. లోపలి చీము, గాలి బయటికి వస్తాయి, బయటి గాలి లోపలికి పోలేదు. గొట్టంలో నీటిమట్టం రోగి ఊపిరితో పాటు పైకీ కిందికీ ఆడుతుంటే గొట్టం తెరిచి ఉన్నట్టు. ఆ ఆట ఆగిపోతే, గొట్టం మూసుకుపోయిందో ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందో నర్సుకు చెప్పి చూపించుకోవాలి. రోగితో ఉండేవారు గుర్తుంచుకోవాల్సిన నియమం ఒకటుంది. బాత్రూముకు నడిపించేటప్పుడైనా, స్ట్రెచర్ మీద మార్చేటప్పుడైనా సీసాను ఛాతీ మట్టం కంటే పైకి ఎత్తకూడదు. ఎత్తితే సీసాలోదంతా మళ్లీ లోపలికి పారుతుంది.

ఈ సీసా విలువ ప్రపంచానికి 1918లో బాగా తెలిసింది. ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికా సైనిక శిబిరాల్లో చీముపట్టిన సైనికులకు ఛాతీ కోసి తెరిచేవారు. సగటున నూటికి ముప్పయి మంది చనిపోయేవారు. తొందరపడి తెరిస్తే గాలి దూరి ఊపిరితిత్తి నలిగిపోతోందని ఎవర్ట్స్ గ్రాహం బృందం కనిపెట్టింది. మూసి ఉంచిన గొట్టంతో చీము తీసే పద్ధతికి మారాక మరణాలు నాలుగైదు శాతానికి దిగాయి. కొత్త మందు ఒక్కటీ రాలేదు, పెన్సిలిన్ అప్పటికి లేనేలేదు. చీము గదులు గదులుగా గడ్డకట్టినప్పుడు ఇప్పుడు గొట్టంలోంచి రెండు రకాల ఎంజైములు కలిపి పంపి కరిగిస్తారు, లేదా చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో శుభ్రం చేస్తారు.

రేవులో, ఓడల మరమ్మతుల్లో, బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైనవారు డాక్టరుకు తప్పక చెప్పాల్సింది తమ పాత ఉద్యోగం. ఓడల బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు ఒకప్పుడు ప్రపంచమంతటా ఆస్‌బెస్టాస్ చుట్టేవారు. ఆ నారపోగులు పీల్చిన ఇరవై, ముప్పయి, నలభై ఏళ్ల తర్వాత ప్లూరా మీద మచ్చలు, నీరు, కొద్దిమందిలో మీసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడతాయి. ఆ నొప్పి ఊపిరితో వచ్చిపోయేది కాదు, నెలల తరబడి మొద్దుగా, రాత్రింబవళ్లు ఉంటుంది. అరవై దాటినవారికి ఒకవైపు నీరు పదేపదే ఊరుతుంటే క్షయ మందులు పెట్టి ఆరు నెలలు ఎదురుచూడకూడదు. ముక్క పరీక్ష చేయించాలి.

పోటుతో పాటు హఠాత్తుగా ఆయాసం వచ్చినా, కళ్లెలో రక్తం పడినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడుతున్నా, ముఖ్యంగా కాన్పు తర్వాత, ఆపరేషన్ తర్వాత, సుదీర్ఘ ప్రయాణం తర్వాత ఇలా జరిగితే, ఊపిరితిత్తిలో రక్తపు గడ్డ అడ్డుపడిందేమోనని అనుమానించి 108కి ఫోన్ చేయాలి. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి చెమటలు పట్టినా, పెదవులు నీలంగా మారినా, పల్స్ ఆక్సీమీటరులో అంకె 94 కంటే దిగినా అంతే. ఇలాంటప్పుడు మందుల షాపు మెట్లెక్కడం కాలయాపన.

మందులు పూర్తయి, మనిషి ఆరోగ్యంగా తిరుగుతున్నాక కూడా చాలామంది ఎక్స్‌రేలో ఊపిరితిత్తి అడుగు మూల మసకగానే ఉంటుంది. అది పొర మందమెక్కిన గుర్తు. జబ్బు కాదు, అంటదు, చాలావరకు ఊపిరికి అడ్డుపడదు. అయితే రేవులోనో, నౌకాదళంలోనో, ఉక్కు కర్మాగారంలోనో ఉద్యోగానికి వైద్య పరీక్ష జరిగినప్పుడు ఆ మసకను చూసి పక్కనపెట్టేస్తారేమోనని కుర్రాళ్లు బెంగపడతారు, కొందరు మళ్లీ ఆరు నెలల మందులు మింగుతారు. అందువల్ల చికిత్స ముగిసిన రోజు తీసిన ఎక్స్‌రే ఫిల్మును, నీటి పరీక్ష రిపోర్టులను, మందులు పూర్తిచేసినట్టు ఇచ్చే కాగితాన్ని దాచుకోవాలి. మసక ఏడాది, రెండేళ్ల తర్వాతా అంతే ఉంటే పాత మచ్చే, కొత్తగా పెరిగి ఉంటేనే మళ్లీ వెతకాలి. ఆ తేడా తేల్చాలంటే డాక్టరు చేతిలో పాత ఫిల్ము ఉండాలి.